మన పిల్లలు - నవలలు

పోయిన చలికాలంలో ఒకరోజు అసర్ నమాజు ముగించుకొని డోర్నకల్‌లో మస్జిద్ మెట్లు దిగుతుండగా ఒక సోదరుడు మమ్మల్ని ఆపారు. ఆయన రైల్వే ఉద్యోగి. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైనులో కొత్తగూడెం బొగ్గు బండ్ల దారి విడిపోయే జంక్షన్ కాబట్టి ఈ ఊళ్ళో రైల్వే కుటుంబాలకు కొదువ లేదు. ఆయన చేతిలో పాత పేపరు చుట్టిన పుస్తకం ఒకటి ఉంది. నలుగురూ వెళ్ళిపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి ఇలా అన్నారు:

"భాయ్‌సాబ్, ఇది మా పెద్దమ్మాయి బడి సంచిలో దొరికింది. తొమ్మిదో తరగతి పిల్ల. లైబ్రరీ నుంచి తెచ్చుకుందట. నేను చదువుకున్నది ఉర్దూ. తెలుగులో బోర్డులు చదవగలను గాని ఇంత పుస్తకం చదవలేను. పైన పేరు మాత్రం కూడబలుక్కున్నాను. దేవుళ్ళ పుస్తకమట! మన పిల్ల చేతికి ఇలాంటిది ఎందుకు వచ్చిందో అల్లాహ్‌కే తెలుసు. చదవచ్చో వద్దో మీరు ఒక్క మాట చెప్పండి. వద్దంటే రేపే తిరిగి ఇచ్చేయిస్తాను."

పేపరు విప్పి చూశాము. దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు'. మాకు నవ్వు వచ్చింది. ఆ పేరులోని దేవుళ్ళు పూజలందుకునే దేవుళ్ళు కారు. గడీలలో కూర్చుని సాటి మనుషుల ప్రాణానికీ మానానికీ తామే ప్రభువులమనుకున్న దొరలు. అల్లాహ్ తప్ప మరో ప్రభువు లేడని నమ్మే మనకు ఆ పేరులోని ఎత్తిపొడుపు అర్థం కావటం కష్టమేమీ కాదు. ఆ మాటే ఆ సోదరునికి చెప్పాము. ఆయన ముఖం తేటపడింది. "అయితే చదవచ్చునన్నమాట!" అన్నారు.

అప్పుడు మా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ నవల గురించి విన్నామే గాని మేము కూడా చదవలేదు. 'వద్దు' అనటానికి పుస్తకం చదవనక్కర లేదు. 'ఫరవాలేదు' అనటానికీ చదవనక్కర లేదు. కాని ఆ ఒక్క మాట మీద ఒక ఇంట్లో తండ్రికీ కూతురికీ మధ్య ఉన్న నమ్మకం ఆధారపడి ఉంది. "నాలుగు రోజులు ఆగండి. చదివి చెబుతాము. ఈలోగా అమ్మాయిని ఏమీ అనకండి" అని పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాము.

ఇలా ఆగటం మాకు మొదటినుంచీ ఉన్న గుణం కాదు. చాలా ఏళ్ళ క్రితం మా తమ్ముడి పుస్తకాల మధ్య షాడో నవల ఒకటి కనబడింది. మధుబాబు గారి షాడో నవలలను ఆ రోజుల్లో అద్దె లైబ్రరీలవాళ్ళు రోజుకింతని ఇచ్చేవారు. అట్ట మీది బొమ్మ చూశాము. లోపల ఒక్క పుట కూడా తిరగేయకుండా చింపి పొయ్యిలో పెట్టాము. ధర్మం కోసం చేస్తున్నామనే అనుకున్నాము. అద్దె పుస్తకానికి పూర్తి ధర కట్టవలసి వచ్చింది, అది చిన్న సంగతి. వాడు నవలలు మానలేదు. ప్లాట్‌ఫారం చివరన ఉన్న బెంచీ మీద కూర్చుని చదవటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత వాడు ఏం చదివాడో, అందులో మంచెంతో చెడెంతో మాకు ఎన్నడూ తెలియలేదు. జుట్టు నెరిసిన ఈ వయసులో కూడా వాడు పుస్తకాల మాట మా ముందు ఎత్తడు. మేము కాల్చింది ఒక నవలను కాదన్న సంగతి గ్రహించటానికి మాకు చాలా కాలం పట్టింది.

ఇక అసలు విషయానికి వద్దాం. మన ఇళ్ళలో ఈ సమస్య ఇతరుల ఇళ్ళకంటే చిక్కుగా ఉంటుంది. తెలంగాణాలో ఎంతోమంది ముస్లిం తల్లిదండ్రులు ఉర్దూలో చదువుకున్నారు, లేదా ఏమీ చదువుకోలేదు. పిల్లలేమో తెలుగు, ఇంగ్లీషు మీడియం బడులలో చదువుతున్నారు. వాళ్ళలో చాలామందికి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అంటే బిడ్డ చదివే పుస్తకాన్ని తండ్రి చదవలేడు, తండ్రి చదివిన పుస్తకాన్ని బిడ్డ చదవలేదు. ఇద్దరూ ఒకే చాపమీద కూర్చుని భోంచేస్తారు, కాని ఒకరి మనసులోకి ఏం వెళుతోందో మరొకరికి తెలియదు. ఇలాంటి స్థితిలో తండ్రి అట్టను చూసో, పేరును చూసో, ఎవరినో అడిగో తీర్పు చెప్పేస్తాడు. అతన్ని తప్పుపట్టలేము. కాని తన పోషణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) మనకు బోధించారు. ఆ జవాబు అట్టమీది బొమ్మతో సరిపెట్టగలిగేది కాదు.

మస్జిద్‌లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఒక పెద్దాయన, "అసలు నవలలెందుకు? ప్రవక్తల గాథలు లేవా? సహాబాల జీవితాలు లేవా?" అని అడిగారు. నజర్ బిన్ హారిస్ ఉదంతాన్ని కూడా గుర్తుచేశారు. మక్కాలో ఈ వ్యక్తి దైవప్రవక్త (స) బోధించి లేచిన చోటనే కూర్చుని రుస్తుం, ఇస్ఫందియార్‌ల కథలు చెప్పి జనాన్ని తనవైపు తిప్పుకునేవాడని సీరత్ గ్రంథాలలో ఉంది. లుఖ్మాన్ సూరాలో మనుషులను దారి తప్పించే కాలక్షేపపు మాటలను ఖండించిన సందర్భంలో వ్యాఖ్యాతలు అతని పేరును ప్రస్తావిస్తారు. పెద్దాయన మాటను తేలికగా కొట్టివేయలేము. ప్రవక్తల గాథలు తెలియని పిల్లవానికి నవలల మీద నవలలు చదివించే ఇంటిలో ఏదో లోపం ఉన్నట్లే. అయితే నజర్ చేసిన నేరం కథ చెప్పటం కాదు. సత్యం నుంచి జనాన్ని మళ్ళించటానికి కథను ఎరగా వాడటం అతని నేరం.

కల్పన పట్ల దైవప్రవక్త (స) వైఖరి ఎలాంటిదో తెలుసుకోవటానికి మరొక ఉదంతం ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) గారి బొమ్మల మధ్య గుడ్డపీలికలతో రెక్కలు కుట్టిన గుర్రం ఒకటి కనిపించింది. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. సులైమాన్ (అలైహి) గారి గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. దానికి ఆయన మనసారా నవ్వారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆ బొమ్మను లాక్కోలేదు, లేని జంతువును ఎందుకు చేశావని మందలించలేదు. పిల్లల ఊహకు ఎంత చోటు ఇవ్వాలో ఆ నవ్వు మనకు చెబుతుంది.

మరి కథలో పాపం ఉంటే? వ్యభిచారం, హత్య, మోసం ఉంటే? చాలామంది తల్లిదండ్రులు గీసే గీత ఇదే. చెడు ఉన్న పుస్తకం చెడ్డది, చెడు లేని పుస్తకం మంచిది. ఈ గీత నిలబడదు. దివ్యఖుర్ఆన్‌లో యూసుఫ్ సూరాను చూడండి. అల్లాహ్ స్వయంగా అత్యుత్తమమైనదిగా పేర్కొన్న గాథ అది. అందులో అన్నలు తమ్ముడిని బావిలో పడవేస్తారు, కన్నతండ్రికి అబద్ధం చెబుతారు. పెళ్లయిన స్త్రీ తన ఇంట్లో పెరిగిన యువకుణ్ణి తలుపులు మూసి పాపానికి పిలుస్తుంది. పట్టుబడ్డాక నింద అతనిమీదకే నెడుతుంది. నిర్దోషి జైలుకు వెళతాడు. ఈ సూరాను మన పిల్లలు మక్తబ్‌లలో చదువుతున్నారు, హాఫిజ్‌లు కంఠస్థం చేస్తున్నారు. మూసిన తలుపు వెనుక జరిగింది ఖుర్ఆన్ దాచలేదు. అలాగని అక్కడే నిలబడి చూపించనూ లేదు. ఎంత చెబితే యూసుఫ్ (అలైహి) నిగ్రహం మనకు అర్థమవుతుందో అంతే చెప్పి ముందుకు సాగింది. వినేవాని మనసు ఆ పిలుపు వైపు లాగబడదు, తలుపు వైపు పరుగెత్తే యూసుఫ్ (అలైహి) వెంట పరుగెడుతుంది. కథలో చెడు ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. కథ ముగిసేసరికి బిడ్డ మనసు ఎవరి పక్షాన నిలబడి ఉంటుందన్నది మొదటి ప్రశ్న.

అయితే ఇది ఒక్కటే చాలదు. వయసు సంగతి కూడా ఉంది. నూర్ సూరాలో యుక్తవయసు రాని పిల్లలు కూడా మూడు వేళలలో పెద్దల గదిలోకి అనుమతి లేకుండా రాకూడదని ఆదేశం ఉంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం వేళ, ఇషా తర్వాత. మిగిలిన వేళలలో వాళ్ళు స్వేచ్ఛగా తిరగవచ్చు. యుక్తవయసు వచ్చాక మాత్రం ఎల్లవేళలా అనుమతి అడగాలి. ఈ ఆదేశాన్ని మనం ఇంటి మర్యాదగానే చూస్తాము. కొంచెం ఆలోచిస్తే పుస్తకాలకూ ఇది వర్తిస్తుంది. పెద్దల జీవితంలో పసికళ్ళు చూడకూడని గదులు కొన్ని ఉన్నాయి. కొన్ని నవలలు ఆ గది తలుపును తట్టకుండానే తోసి పిల్లవాణ్ణి లోపలికి నెడతాయి. అలాంటివి పిల్లల చేతిలో పెట్టకూడదని చెప్పటానికి సంకోచించనక్కర లేదు. కాని నమాజు ఏడేళ్ళకు నేర్పమని, పదేళ్ళకు గట్టిగా చెప్పమని, పడకలు వేరు చేయమని చెప్పిన ధర్మం బాల్యాన్ని మెట్లు మెట్లుగా చూసింది. ఆరేళ్ళ పిల్లవానికీ పదిహేనేళ్ళ అమ్మాయికీ ఒకే జాబితా రాసి గోడకు అంటించటం ఆ పద్ధతి కాదు.

ఇక 'చిల్లర దేవుళ్లు' విషయం. రంగాచార్య గారు పుట్టిన చిన్నగూడూరు మనకు పొరుగు ఊరే. ఆనాడు వరంగల్ జిల్లా, 2016 నుంచి డోర్నకల్ మాదిరిగానే మహబూబాబాద్ జిల్లా. 1928లో పుట్టి 2015లో మరణించిన ఆయన, నిజాం రాజ్యపు చివరి దశాబ్దాల తెలంగాణా పల్లెను ఈ నవలలో రాశారు. 1969లో వచ్చిందిది. మనుషులు మన పల్లెల యాసలోనే మాట్లాడతారు. వెట్టిచాకిరి, దొరల దౌర్జన్యం, వాటితోపాటు ఆడబాపల బతుకు ఇందులో ఉన్నాయి. ఆడబాప అంటే ఈ తరానికి తెలియదు. దొరల ఇంటి ఆడపిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు సామానుతోపాటు ఒక పేదపిల్లను కూడా వెంట పంపేవారు. ఆ పిల్లకు పెళ్లి ఉండదు, ఇల్లు ఉండదు. పగలు దాసి. రాత్రి దొర ఇష్టం, దొర ఇంటికి వచ్చిన అతిథుల ఇష్టం.

ఆ పుటల దగ్గర మేము ఆగిపోయాము. తొమ్మిదో తరగతి అమ్మాయి ఇది చదవాలా? ఒక రాత్రంతా 'వద్దు' అనే అనుకున్నాము. తెల్లవారాక మళ్ళీ తిరగేశాము. రచయిత ఆ అన్యాయాన్ని రుచి చూపించటానికి రాయలేదు. పాఠకుని మనసు దొర పక్కన కూర్చోదు, ఆ పిల్ల పక్కన కూర్చుంటుంది. పద్నాలుగేళ్ళ అమ్మాయి ఆ పుటలు చదివి సిగ్గుపడితే ఆ సిగ్గు దొరను చూసి కలిగేదే. బలవంతుని ఇంట్లో బలహీనురాలి మానానికి రక్షణ ఉండదన్న సంగతి ఆ వయసులో తెలియటం హాని కాదు, రక్షణ. అదే ఇంట్లో ఆరో తరగతి చదివే తమ్ముడికి మాత్రం ఇప్పుడే వద్దు. వాడికి ఆ పుటలలో ఉన్నది అర్థం కాదు. అర్థం కానిది భయంగానో కుతూహలంగానో మిగిలిపోతుంది.

ఒక ముస్లిం పిల్ల ఇలాంటి నవల చదివేటప్పుడు మరో ప్రశ్న కూడా ఎదురవుతుంది. నిజాం రాజ్యపు అన్యాయాలు చదువుతుంటే 'ఇదంతా మనవాళ్ళను అంటున్నారా?' అనిపించవచ్చు. బడిలో పక్కపిల్ల ఏదైనా అంటే నొచ్చుకోవచ్చు. ఆ నొప్పిని తప్పించటానికి పుస్తకాన్ని దాచటం సరైనది కాదు. మీకూ మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకంగా ఉన్నా సరే న్యాయం పక్షాన నిలబడమని నిసా సూరా మనల్ని ఆదేశిస్తోంది. అదే చరిత్రలో విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం కోర్టుల వెంట తిరిగి పోరాడి హత్యకు గురైన షేక్ బందగీ ఉన్నాడు. రజాకార్ల దౌర్జన్యాన్ని తన పత్రిక 'ఇమ్రోజ్'లో ఎండగట్టి 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో ప్రాణాలిచ్చిన షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. ఆయన మన మహబూబాబాద్ ప్రాంతపు బిడ్డ. ఈ ఇద్దరి సంగతి నవలతోపాటు ఎవరైనా చెప్పాలి. ఆ పని నవల చేయదు, ఇంట్లోవాళ్ళు చేయాలి.

దీనికి పోలిక కోసం మరో రెండు పేర్లు చెబుతాము. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' 1980ల నుంచి తెలుగు ఇళ్ళలో విపరీతంగా చదవబడిన నవల. ఒక చిన్నపిల్ల మీద 'కాష్మోరా' అనే క్షుద్రప్రయోగం జరగటం అందులో ప్రధానాంశం. దీన్ని ఖండిస్తూ రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' పేరిట ఒక పుస్తకమే రాశారు. ఆమె నాస్తికురాలు, మార్క్సిస్టు. మన దారి వేరు, ఆమె దారి వేరు. కాని చేతబడి భయాన్ని పిల్లల నెత్తుటిలోకి ఎక్కించటం గురించి ఆమె ఆందోళన మాకూ ఉంది. చేతబడిని ఘోర పాపాలలో లెక్కించే మనం, లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయని నమ్మే మనం, బిడ్డకు ఆ నమ్మకం గట్టిపడకముందే ఆ నవల ఇవ్వలేము. రెండోది యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. అందులో తల్లిదండ్రులు ఉలిక్కిపడవలసిన పుట ఉండదు. అందువల్లనే ఎవరూ అడ్డుచెప్పలేదు. కాని అలాంటి నవలలు వరుసగా పది చదివిన అమ్మాయి, పెళ్లంటే అందగాడు, ఆస్తిపరుడు, కారు, పెద్ద బంగళా అని లోలోపల కలగంటుంది. తరువాత ఆటో నడుపుకునే నిజాయితీపరుడైన భర్త ఆ కల ముందు చిన్నబోతాడు. చూడటానికి శుభ్రంగా ఉన్న పుస్తకమే ఒక్కోసారి ఎక్కువ పనిచేస్తుంది. ఇది మా అభిప్రాయం. కాదనే సోదరీమణులు ఎందరో ఉంటారని మాకు తెలుసు.

నవలలను గురించి మన సమాజంలో జరిగిన ఈ వాదం కొత్తదేమీ కాదు. డిప్యూటీ నజీర్ అహ్మద్ గారు తన ఆడపిల్లలకు తగిన పుస్తకం కనబడక తానే రాసి ఇచ్చిన 'మిరాతుల్ ఉరూస్' 1869లో అచ్చయింది. ఉర్దూలో తొలి నవలగా దాన్ని చెబుతారు. ఆయన కొన్నేళ్ళు మన హైదరాబాద్ రాజ్యంలో సాలార్‌జంగ్ కొలువులో కూడా పనిచేశారు, ఖుర్ఆన్‌ను ఉర్దూలోకి అనువదించారు. 'తౌబతున్నసూహ్' అనే మరో నవలలో ఆయన ఒక తండ్రిని చిత్రించారు. కలరా సోకి చావు అంచులదాకా వెళ్ళివచ్చిన నసూహ్ పశ్చాత్తాపపడి, ఇంటిని సంస్కరించబూనుకుంటాడు. పెద్దకొడుకు కలీం మాట వినడు. తండ్రి అతని పుస్తకాలను చెడ్డవని తగులబెడతాడు. కొడుకు ఇల్లు విడిచిపోతాడు, చివరికి గాయాలతో తిరిగివచ్చి మరణిస్తాడు. రచయిత తండ్రి పక్షమే. అయినా ఆ మంటను చదివిన ప్రతిసారీ మాకు మా పొయ్యి గుర్తుకొస్తుంది. విచిత్రమేమంటే, బిడ్డల కోసం రాసిన ఈ నజీర్ అహ్మద్ గారి నవలలలో కొన్నింటిని మౌలానా అష్రఫ్ అలీ థానవీ గారు 'బెహిష్తీ జేవర్'లో స్త్రీలకు హాని చేసే పుస్తకాల సరసన చేర్చారు. 1908లో వెలువడిన నజీర్ అహ్మద్ గారి 'ఉమ్మహాతుల్ ఉమ్మ'నైతే అందులోని భాష అమర్యాదకరంగా ఉందన్న అభ్యంతరంతో తగులబెట్టారు. ముగ్గురూ ధర్మాభిమానంతోనే తీర్పు చెప్పారు: నవలలోని తండ్రి, దాన్ని రాసిన రచయిత, ఆ రచయితను కాదన్న ఆలిం. చదవదగినదేదో తేల్చటం ఇంత కష్టమైన పని. కాని మౌలానాగారు అభ్యంతరం చెప్పినా అందులో ఏమున్నదో తెలిసి చెప్పారు. మేము షాడోను కాల్చినప్పుడు అది కూడా చేయలేదు.

అయిదో రోజున ఆ సోదరుని ఇంటికి వెళ్ళాము. మేము చదివినదంతా దాచకుండా చెప్పాము, ఆ పుటల సంగతితో సహా. "అమ్మాయి చదవవచ్చును. కాని ఒంటరిగా వద్దు. మీకు తెలుగు రాకపోతే ఆమెనే చదివి వినిపించమనండి" అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ పుటలు కూడానా?" అని మాత్రం అడిగారు. ఆ ఒక్కచోట ఏమి చేయాలో ఇంట్లోని ఆడవాళ్ళకు వదలమన్నాము. మాకు అంతకంటే మంచి సలహా తోచలేదు.

తర్వాత ఏం జరిగిందో ఆయన చెబితే తెలిసింది. ఇషా తర్వాత రోజుకు కొంచెం చొప్పున అమ్మాయి తెలుగులో చదివేది, ఉర్దూలో అర్థం చెప్పేది. తల్లి, దాదీ వినేవారు. తండ్రి డ్యూటీ లేని రోజున తలుపు దగ్గర కూర్చునేవారు. ఆడబాప ప్రస్తావన రాగానే అమ్మాయి గొంతు ఆగిపోయింది. "దాదీ, ఇది నేను లోపల చదువుకుంటాను" అంది. దాదీ ఒక్క నిమిషం ఊరుకుని, "చదవకులే బేటీ, నేను చెబుతా విను" అని, తన చిన్నతనంలో తన తల్లి చెప్పిన, తమ ఊరి గడీలోకి వెళ్ళి తిరిగిరాని ఒక పిల్ల సంగతి చెప్పుకొచ్చిందట. ఆమె ఏ కులమో, ఏమైపోయిందో అంతా చెప్పింది. కొడుకైన తనకు ఇన్నేళ్ళలో అమ్మ ఆ మాట ఎన్నడూ చెప్పలేదని ఆ సోదరుడు ఆశ్చర్యపోయారు.

మొన్న జుమా తర్వాత ఆయన మళ్ళీ కలిశారు. ఈసారి పుస్తకానికి పేపరు చుట్టలేదు. అదే రచయిత రాసిన 'మోదుగుపూలు'. "అమ్మాయి అడుగుతోంది. మీరు చదివారా?" అన్నారు. లేదని చెప్పి పుస్తకం తీసుకున్నాము. వచ్చే జుమాలోగా పూర్తిచేసి ఇవ్వాలి.